పదహారుకూ పద్దెనిమిదికీ నడుమ: బాలనేరస్థుల చట్టంలో వయసు గీత చరిత్ర

భారతదేశంలో పద్దెనిమిదేళ్లు నిండని బాలుడు అత్యాచారం చేసినట్లు రుజువైనప్పుడు, అతనికి 'శిక్ష' పడిందని అనడానికి చట్టం ఇష్టపడదు. అతన్ని దోషి అని గానీ ఖైదీ అని గానీ పిలవకూడదు. చట్టపు పరిభాషలో అతను 'చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలుడు', అతని వ్యవహారాన్ని విచారించేది మామూలు కోర్టు కాదు, ఒక మెజిస్ట్రేటూ ఇద్దరు సామాజిక కార్యకర్తలూ కలిసి కూర్చునే జువెనైల్ జస్టిస్ బోర్డు, అతన్ని ఉంచేది జైలు కాదు, స్పెషల్ హోం అనే ప్రత్యేక గృహం. వీధిలోనూ పత్రికల్లోనూ చివరకు చట్టసభల్లోనూ ఇదే సంగతిని 'మూడేళ్లతో సరిపెట్టారు' అన్న ఒక్క ముక్కలో చెప్పుకుంటారు. చట్టం మాట్లాడే భాషకూ జనం మాట్లాడే భాషకూ మధ్య ఉన్న ఈ దూరం 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచారంతో దేశమంతటికీ తెలిసివచ్చింది గానీ, దాని మూలాలు అంతకు నూటయాభై ఏళ్ల వెనక ఉన్నాయి. ఆ నూటయాభై ఏళ్లలో బాల్యానికీ నేరబాధ్యతకూ మధ్య గీసిన వయసు గీత ఎన్నోసార్లు అటూ ఇటూ జరిగింది. దాన్ని జరిపిన వాళ్ల మనసులో చిల్లర దొంగతనాలు ఉన్నాయి, దేశదిమ్మరి పిల్లలు ఉన్నారు, జైళ్ల దుస్థితి ఉంది, అంతర్జాతీయ ఒడంబడికలు ఉన్నాయి. లైంగిక నేరం మాత్రం చాలాకాలం లేదు. ఆ నేరాన్ని ఎదురుగా పెట్టుకొని గీతను జరిపింది ఒకే ఒక్కసారి, 2015లో. అప్పుడది తాము అనుకున్నవాళ్ల మీదనే కాక, అనుకోనివాళ్ల మీద కూడా పడింది.

వయసు నేరాన్ని తేలిక చేస్తుందన్న ఆలోచన ఈ దేశానికి పరాయిది కాదు. నారదస్మృతి ఎనిమిదేళ్ల లోపు శిశువును గర్భస్థ శిశువుతో సమానంగా లెక్కించి, పదహారేళ్ల దాకా 'పోగండుడు' అనే బాల్యదశను గుర్తించి, ఆ పైబడినవాడినే వ్యవహారజ్ఞుడిగా, అంటే లావాదేవీలకూ వ్యాజ్యాలకూ తగినవాడిగా ఎంచింది. మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ తెలుగు పాఠకులకు పరిచితమే: చిన్నతనంలో తూనీగలను గడ్డిపోచకు గుచ్చిన పాపానికి పెద్దయ్యాక కొరత మీద ఎక్కవలసివచ్చిన ఆ ముని, ధర్ముణ్ణి శూద్రయోనిలో విదురుడిగా పుట్టమని శపించి, ఇకమీదట పద్నాలుగేళ్ల లోపు వాళ్లు చేసింది పాపంగా లెక్కకు రాకూడదని కట్టడి చేశాడు. శిక్ష నేరానికి మించిపోవడం ఆ కథలోని అన్యాయం కాగా, శిక్ష వేసినవాడికే శిక్ష పడడం దానిలోని విశేషం. ఐతే స్మృతులూ పురాణాలూ చెప్పిన ఈ హద్దులు ఆధునిక చట్టంలోకి నేరుగా రాలేదు; వలసపాలకులు తమ దేశపు కొలతబద్దను వెంట తెచ్చుకున్నారు.

1860లో ఆమోదం పొంది 1862 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతి, 82వ సెక్షనులో ఏడేళ్ల లోపు పిల్లలు చేసిన ఏ పనీ నేరం కాదని నిశ్చయించి, 83వ సెక్షనులో ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వాళ్ల విషయాన్ని, తాము చేసే పని స్వభావాన్నీ ఫలితాన్నీ తెలుసుకొనే పరిణతి ఆ పిల్లలకు ఉందా లేదా అన్న పరీక్షకు వదిలిపెట్టింది. పన్నెండు నిండినవాడు నేరబాధ్యత విషయంలో పెద్దవాడే. ఇంగ్లండు పాత న్యాయసంప్రదాయంలో పద్నాలుగేళ్ల లోపు బాలుడు అత్యాచారం చేయడానికి శారీరకంగా అశక్తుడన్న ఖండితమైన ఊహ ఒకటి ఉండేది. ఎంత సాక్ష్యం చూపినా దాన్ని తోసిపుచ్చడానికి వీలులేదు, 1993లో గానీ అక్కడ దాన్ని రద్దు చేయలేదు. భారత శిక్షాస్మృతి రచయితలు ఇంగ్లండు నుంచి ఎన్నో సూత్రాలు తెచ్చుకున్నా ఈ ఊహను మాత్రం తమ స్మృతిలో చేర్చలేదు. అందువల్ల పదమూడేళ్ల బాలుడి మీద ఇంగ్లండులో నిలవని అత్యాచార అభియోగం ఇక్కడ నిలిచేది. ఈ సెక్షన్లే చిన్నపాటి మార్పులతో భారతీయ న్యాయ సంహితలో 20, 21 సెక్షన్లుగా 2024 జూలై 1 నుంచి కొనసాగుతున్నాయి. ఏడు, పన్నెండు అన్న అంకెలను ఎవరూ కదపలేదు.

నేరం రుజువయ్యాక బాలుణ్ణి ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. దీనికి కంపెనీ పాలన ఇచ్చిన తొలి జవాబు 1850 నాటి అప్రెంటిసుల చట్టం: పదేళ్లు దాటి పద్దెనిమిది నిండని అనాథలనూ, చిల్లర నేరాల్లో పట్టుబడినవాళ్లనూ ఏదో ఒక పనివాడి దగ్గర కుదిర్చి వృత్తి నేర్పించే అధికారం మెజిస్ట్రేట్లకు దక్కింది. తరువాతి జవాబు రిఫార్మేటరీ, అంటే జైలు గోడకూ బడి గోడకూ మధ్యరకంగా కట్టిన సంస్కరణ పాఠశాల. ఇంగ్లండులో ఈ పాఠశాలల ఉద్యమానికి ముందు నిలిచిన మేరీ కార్పెంటర్ 1866 నుంచి నాలుగుసార్లు భారతదేశానికి వచ్చి, జైళ్లు తిరిగి చూసి, పెద్ద ఖైదీల మధ్య పిల్లలను ఉంచడాన్ని గట్టిగా ఖండించింది. బొంబాయిలో డేవిడ్ సాసూన్ పేరిట అప్పటికే ఇలాంటి సంస్థ ఒకటి నడుస్తుండగా, 1876లో రిఫార్మేటరీ పాఠశాలల చట్టం వచ్చింది, 1897లో దాని స్థానంలో మరొకటి వచ్చింది, మద్రాసు రాష్ట్రానికి చెంగల్పట్టులో ఇలాంటి పాఠశాల ఏర్పడింది. 1897 చట్టం కింద పదిహేనేళ్ల లోపు మగపిల్లవాణ్ణి మూడు నుంచి ఏడేళ్ల దాకా అక్కడ ఉంచవచ్చు గానీ పద్దెనిమిదేళ్లు నిండాక ఉంచడానికి వీలులేదు. ఆడపిల్లల ఊసు ఆ చట్టంలో లేదు.

రిఫార్మేటరీల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతే కావడంతో, ఆచరణలో మెజిస్ట్రేట్లకు చేతికందిన సాధనం బెత్తం. 1864లో వచ్చి 1909లో కొత్తరూపం పొందిన కొరడాదెబ్బల చట్టం, పదహారేళ్ల లోపు బాలుడికి జైలుశిక్షకు బదులు బెత్తం దెబ్బలు కొట్టించే వీలు కల్పించింది; నేర విచారణ స్మృతి ఆ దెబ్బలను పదిహేనుకు పరిమితం చేసింది. మరణశిక్ష పడదగ్గ నేరాలనూ, రాజద్రోహం వంటి రాజ్యవ్యతిరేక నేరాలనూ, వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టే నేరాలనూ 1909 చట్టం ఈ వెసులుబాటు నుంచి మినహాయించింది. అత్యాచారానికి అప్పట్లో గరిష్ఠ శిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసమే తప్ప మరణం కాదు గనుక, అది మినహాయింపుల జాబితాలోకి రాలేదు. పదిహేనేళ్ల బాలుడు ప్రభుత్వాన్ని దూషిస్తే బెత్తంతో వదిలిపెట్టడానికి వీలులేని చట్టం, అదే బాలుడు ఒక ఆడపిల్లను చెరిస్తే పదిహేను దెబ్బలతో ఇంటికి పంపడానికి అభ్యంతరం చెప్పలేదు. వలసరాజ్యం దేన్ని చూసి భయపడిందో ఈ మినహాయింపుల జాబితాలో స్పష్టంగా కనిపిస్తుంది. కొరడాదెబ్బల శిక్ష 1955లో రద్దయింది.

అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన 1919-20లో పనిచేసిన భారత జైళ్ల సంఘం, పిల్లలకు ప్రత్యేక కోర్టులూ ప్రత్యేక గృహాలూ ఉండాలని సిఫారసు చేసింది. ఆ దారిలో మొదటి అడుగు వేసింది మద్రాసు: 1920లో మద్రాసు బాలల చట్టం, 1922లో బెంగాల్ చట్టం, 1924లో బొంబాయి చట్టం వచ్చాయి. కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండడంతో, నేటి ఆంధ్రప్రదేశ్‌లో బాల న్యాయానికి మూలం ఈ 1920 చట్టమే. నిజాం పాలనలోని తెలంగాణ దీని పరిధిలో లేదు. 'సర్టిఫైడ్ స్కూలు' అన్న మాట, అంటే నేరం చేసిన పిల్లలను గానీ దిక్కులేని పిల్లలను గానీ ఉంచడానికి ప్రభుత్వం ధ్రువీకరించిన పాఠశాల అన్న మాట, ఈ చట్టంతోనే వాడుకలోకి వచ్చింది. ఈ చట్టాలన్నింటిలో ఒక చిన్న తలుపు ఉండేది. బాలుడు చేసిన నేరం మరీ తీవ్రమైనదైనా, అతను ఏ పాఠశాలలోనూ ఇమడనంత మొండివాడైనా, కోర్టు ఆ సంగతిని ప్రభుత్వానికి నివేదిస్తే, ప్రభుత్వం తనకు తగినదనిపించిన చోట, తగినదనిపించిన షరతులతో అతన్ని నిర్బంధించవచ్చు. మామూలు బాలుడికి బడి, అసాధారణమైన బాలుడికి ప్రభుత్వ విచక్షణ: ఈ రెండంచెల అమరిక పెద్దగా ఎవరి దృష్టికీ రాకుండా ఎనభై ఏళ్లకు పైగా కొనసాగింది. దాని కథ మళ్లీ ముందుకు వస్తుంది.

ఇదే కాలంలో మరో వయసు గీత, దీనితో సంబంధం లేనట్లుగానే, పక్కనే కదులుతూ వచ్చింది. అది సమ్మతి వయసు, అంటే ఏ వయసులోపు బాలిక ఒప్పుకున్నా ఆ ఒప్పుదల చట్టం దృష్టిలో చెల్లదో ఆ హద్దు. 1860లో అది పదేళ్లు. కలకత్తాలో పదేళ్లు దాటిన ఒక బాలవధువు భర్త చేతిలో ప్రాణాలు కోల్పోయిన తరువాత చెలరేగిన వాదోపవాదాల ఫలితంగా 1891లో పన్నెండయింది, 1925లో పద్నాలుగు, 1949లో పదహారు అయింది. బాలికను కాపాడడానికి ఉద్దేశించిన ఈ గీత పైకి జరిగిన ప్రతిసారీ, ఆ గీత కింద నేరస్థుడిగా నిలబడగల బాలుర సంఖ్య కూడా పెరుగుతుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. బాల్యవివాహం రాజ్యమేలిన రోజుల్లో నిందితుడు సాధారణంగా వయసు మీరిన భర్త. పదహారేళ్ల బాలుడూ పదహారేళ్ల బాలికా ఒక కేసులో ఎదురెదురుగా నిలబడే పరిస్థితి ఊహకు అందనిది.

స్వాతంత్ర్యం తరువాత వయసు పట్ల కనికరం రెండు వేర్వేరు దారుల్లో నడిచింది. ఒకటి బాలల చట్టాల దారి. రెండోది పెద్దల కోర్టుల దారి, ఇది ఇప్పుడు చాలావరకు మరుగున పడింది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లను, తప్పనిసరైతే తప్ప, జైలుకు పంపవద్దని కోర్టులకు చెప్పింది గానీ యావజ్జీవం పడదగ్గ నేరాలను ఆ నియమం నుంచి తప్పించింది. అత్యాచారం అందులో ఒకటి కావడంతో యువ నిందితుల న్యాయవాదులు శిక్ష తగ్గింపు కోసం వేరే వాదనలు వెతుక్కోవలసివచ్చింది. 1979లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన హర్యానా కేసు ఈ ధోరణికి పేరుమోసిన ఉదాహరణ. పట్టపగలు పొరుగింట్లో చొరబడి అత్యాచారం చేసిన ఇరవై రెండేళ్ల యువకుడికి పడిన నాలుగేళ్ల శిక్షను జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రెండేళ్లకు తగ్గించారు. అతని వయసునూ, అతనికి భార్యా కొంత భూమీ ఉండడాన్నీ, అతను కరుడుగట్టిన నేరస్థుడు కాకపోవడాన్నీ ఆ తీర్పు లెక్కలోకి తీసుకొని, నేరాన్ని అదుపు తప్పిన కామోద్రేకం ఖాతాలో వేసింది. ఖైదీల హక్కుల విషయంలో ఈ దేశపు న్యాయవ్యవస్థకు కళ్లు తెరిపించిన న్యాయమూర్తి కలం నుంచి వచ్చిన తీర్పు ఇది కావడం గమనించదగ్గ సంగతి: శిక్ష సంస్కరణ కోసమే తప్ప ప్రతీకారం కోసం కాదన్న సిద్ధాంతం ఎంత ఉదారమైనదైనా, తీర్పు చదివినవాళ్లకు బాధితురాలు కనిపించదు, యువకుడి భవిష్యత్తే కనిపిస్తుంది.

మరో అత్యాచార కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను నిర్దోషులుగా వదిలిపెట్టడాన్ని నిరసిస్తూ అదే ఏడాది నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగలేఖ రాశారు, మహిళా సంఘాలు వీధికెక్కాయి, దాని ఫలితంగా 1983లో శిక్షాస్మృతిని సవరించి అత్యాచారానికి ఏడేళ్ల కనీస శిక్షను నిర్దేశించారు. ఐతే 'తగిన, ప్రత్యేకమైన కారణాలు' ఉంటే ఆ కనీసానికి దిగువన కూడా శిక్ష వేయవచ్చన్న మినహాయింపును ఆ సెక్షనుకు తోక తగిలించినట్లు తగిలించారు. ముందుతలుపు మూసి పెరటితలుపు తీసిపెట్టినట్లయింది. ఆ తరువాతి ముప్పై ఏళ్లలో నిందితుడి చిన్నవయసు, అతని మీద ఆధారపడిన కుటుంబం, గడిచిపోయిన కాలం వంటివన్నీ ఆ మినహాయింపు గుండానే లోపలికి వచ్చాయి. 2013లో పార్లమెంటు దాన్ని తొలగించింది.

బాలల చట్టాల దారికి తిరిగివస్తే, 1960లో కేంద్రపాలిత ప్రాంతాల కోసం వచ్చిన బాలల చట్టం మగపిల్లలకు పదహారేళ్లనూ ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లనూ హద్దుగా పెట్టి, ఆ లోపువాళ్లకు మరణశిక్షా జైలుశిక్షా ఉండకూడదన్నది. రాష్ట్రాల చట్టాలు ఎవరికి తోచిన వయసు వాళ్లు పెట్టుకోవడంతో, ఒకే వయసు బాలుడు ఒకచోట బాలుడు, రాష్ట్రపు సరిహద్దు దాటితే పెద్దవాడు. కొన్ని రాష్ట్రాల్లో బాలల చట్టమన్నదే లేదు. జైళ్లలో మగ్గుతున్న పిల్లల గురించి పాత్రికేయురాలు షీలా బర్సే వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1986లో దేశమంతటికీ ఒకే చట్టం ఉండాలని సూచించగా, ఆ ఏడాదే పార్లమెంటు జువెనైల్ జస్టిస్ చట్టం చేసింది; 1987 అక్టోబరు 2న అది అమలులోకి రావడంతో కోస్తా, సీమ, తెలంగాణ ప్రాంతాల పిల్లలు ఒకే కేంద్ర చట్టం నీడకు చేరారు. పదహారు, పద్దెనిమిది అన్న పాత తేడా అలాగే ఉండిపోయింది. హత్య వంటి నేరాలకు కూడా బాలల చట్టమే వర్తిస్తుందని సుప్రీంకోర్టు అంతకుముందే 1981లో తేల్చింది గనుక, అత్యాచారానికి వర్తించదన్న వాదనకు చోటు లేకపోయింది.

మగపిల్లల హద్దు పదహారు నుంచి పద్దెనిమిదికి ఎందుకు పెరిగిందన్న ప్రశ్నకు జవాబు ఢిల్లీలో కాదు, న్యూయార్కులో దొరుకుతుంది. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి మనిషినీ బాలుడిగా నిర్వచించింది. 1992 డిసెంబరులో భారతదేశం అందులో చేరింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి 2000లో కొత్త జువెనైల్ జస్టిస్ చట్టం చేసి ఆడ, మగ తేడా లేకుండా పద్దెనిమిదేళ్లనే హద్దుగా పెట్టింది. పార్లమెంటు ఆ రోజున ఆలోచించింది సమానత్వం గురించీ, నిరాదరణకు గురైన పిల్లల గురించీ. పదిహేడేళ్ల బాలుడు చేయగల లైంగిక నేరం గురించి లోతైన చర్చ జరగలేదు. ఈ చట్టం కింద బోర్డు ఇవ్వగలిగిన అత్యంత కఠినమైన ఉత్తర్వు స్పెషల్ హోంకు పంపడం. ఐనా 1920 నాటి ఆ చిన్న తలుపు ఇంకా మూతపడలేదు. పదహారేళ్లు దాటిన బాలుడి నేరం మరీ తీవ్రమైనదైతే అతన్ని వేరుగా 'సురక్షిత స్థలం'లో ఉంచే వీలూ, ఆ నిర్బంధాన్ని నేరానికి పడగల గరిష్ఠ కాలం దాకా పొడిగించే వీలూ చట్టంలో మిగిలే ఉన్నాయి. 2006 సవరణ ఆ కాలాన్ని మూడేళ్లకు కుదించింది. ప్రభుత్వ విచక్షణకు పిల్లలను బలిచేయకూడదన్న సదుద్దేశంతోనే ఆ తలుపు మూశారు. కానీ మూసిన సంగతి ఆరేళ్ల తరువాత గానీ దేశానికి తెలియలేదు.

హద్దు ఎక్కడున్నా, బాలుడు దానికి ఇటువైపున ఉన్నాడో అటువైపున ఉన్నాడో తేల్చడం తేలిక కాదు. లెక్కించవలసింది నేరం చేసిన నాటి వయసా, కోర్టు ముందు హాజరైన నాటి వయసా అన్న ప్రాథమిక ప్రశ్న మీదనే సుప్రీంకోర్టు 2000లో ఒక మాట, 2005లో రాజ్యాంగ ధర్మాసనం ద్వారా మరో మాట చెప్పింది; నేరం జరిగిన రోజే ప్రమాణమన్నది చివరకు నిలిచింది. ఇక ఆ రోజుకు వయసెంత అన్నది తేల్చడానికి ముందుగా పదోతరగతి ధ్రువపత్రం లేదా బడి రిజిస్టరు, అది లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఊరి బడుల్లో ఈ రిజిస్టర్లు ఎలా తయారవుతాయో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు: తల్లిదండ్రులకు తిథీ తుఫానూ గుర్తుంటాయే తప్ప తేదీ గుర్తుండదు, పంతులు బిడ్డ చెయ్యి తల మీదుగా తిప్పి రెండో చెవిని అందుకోగలడో లేదో చూసి, బడిలో చేర్చుకునే వయసుకు సరిపడేలా జూన్ నెలలో ఒక తేదీ వేసేవాడు. అలా వేసిన తేదీ పదేళ్ల తరువాత ఒక మనిషి ఉరికంబం ఎక్కుతాడా, మూడేళ్లలో బయటికి వస్తాడా అన్నది నిర్ణయించడం ఈ చట్టానికున్న అతిపెద్ద బలహీనత. ఎముకల పరీక్షలో ఏడాదికి పైగా తేడా రావడం మామూలేనని వైద్యులే ఒప్పుకుంటారు.

2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలో కదులుతున్న బస్సులో జరిగిన సామూహిక అత్యాచారంలో ఆరుగురు నిందితుల్లో ఒకడి వయసు బడి రికార్డు ప్రకారం పదిహేడున్నరేళ్లు. వారంలోగా ప్రభుత్వం నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘం, జస్టిస్ లీలా సేఠ్, గోపాల్ సుబ్రహ్మణ్యం సభ్యులుగా, నెల తిరిగేసరికి 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. స్త్రీలపై నేరాల చట్టాన్ని పునాదులతో సహా తిరగరాయమన్న ఆ సంఘమే బాలల వయసు తగ్గించడానికి మాత్రం ఒప్పుకోలేదు. బాలుణ్ణి పెద్దల జైలులో పడేస్తే తేలేది మరింత ముదిరిన నేరస్థుడేననీ, తప్పు గృహాల నిర్వహణలో ఉందనీ చెప్పింది. 2013 జూలైలోనూ 2014 మార్చిలోనూ సుప్రీంకోర్టు కూడా చట్టం జోలికి వెళ్లలేదు. జువెనైల్ జస్టిస్ బోర్డు 2013 ఆగస్టు 31న ఆ బాలుణ్ణి అత్యాచారానికీ హత్యకూ బాధ్యుడిగా తేల్చి మూడేళ్ల ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి దేశంలో నమోదైన మొత్తం నేరాల్లో బాలల వాటా సుమారు 1.2 శాతమేనని జాతీయ నేర నమోదుల సంస్థ లెక్కలు చెబుతున్నా, ఆ అంకెను వినిపించుకునే స్థితిలో ఎవరూ లేరు.

2014 ఆగస్టులో లోక్‌సభ ముందుకు వచ్చిన కొత్త బిల్లు అమెరికాలో 'బదిలీ' పేరుతో నడుస్తున్న పద్ధతికి దగ్గరి చుట్టం: పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య బాలుడు 'ఘోర నేరం' చేశాడన్న ఆరోపణ వస్తే, అతన్ని పెద్దవాడిగా విచారించేందుకు బాలల కోర్టుకు పంపవచ్చు. ఘోర నేరమంటే ఏడేళ్లూ అంతకు మించిన కనీస శిక్ష ఉన్న నేరం. పార్లమెంటు స్థాయీసంఘం ఈ నిబంధన రాజ్యాంగానికీ ఒడంబడికకూ విరుద్ధమని 2015 ఫిబ్రవరిలో నివేదించింది, ప్రభుత్వం పట్టించుకోలేదు. మే నెలలో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభలో ఆగిపోయి ఉండగా, డిసెంబరు 20న ఆ బాలుడు, అప్పటికి యువకుడు, విడుదలయ్యాడు. బాధితురాలి తల్లిదండ్రులు ఇండియా గేటు దగ్గర నిరసనకు కూర్చున్నారు. రెండు రోజుల తరువాత రాజ్యసభ బిల్లును ఆమోదించింది. ఎవరిని చూసి ఈ చట్టం చేశారో అతనికి అది వర్తించదని, ఓటు వేసిన ప్రతి సభ్యుడికీ తెలుసు.

2016 జనవరి 15న అమలులోకి వచ్చిన ఈ చట్టంలోని కీలకమైన ప్రక్రియ పేరు 'ప్రాథమిక మదింపు'. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం బాలుడికి ఉందా, పర్యవసానాలను గ్రహించగలడా, ఏ పరిస్థితుల్లో నేరం జరిగిందంటున్నారు అన్నవాటిని బోర్డు మూడు నెలల్లో అంచనా వేయాలి. అవసరమైతే మనస్తత్వ నిపుణుల సహాయం తీసుకోవచ్చు. ఇది విచారణ కాదని చట్టమే చెబుతుంది, అంటే నేరం చేశాడో లేదో తేలకముందే నేరం చేసేటప్పటి అతని మనసును కొలవాలి. నెలలు గడిచాక కూర్చోబెట్టి వేసే తెలివితేటల పరీక్షతో ఆ రాత్రి మనసు ఎలా దొరుకుతుందన్నది ఎవరూ తీర్చలేని సందేహం. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఈ మదింపు ఎంత సున్నితమైనదో వివరిస్తూ, నిపుణుల సహాయం తప్పనిసరి కాదన్న తేలికభావం తగదనీ, మార్గదర్శకాలు రూపొందించాలనీ చెప్పింది. పెద్దవాడిగా విచారించినా మరణశిక్ష గానీ, విడుదలకు ఆస్కారంలేని యావజ్జీవం గానీ వేయకూడదు. ఇరవై ఒక్క ఏళ్లు నిండేదాకా సురక్షిత స్థలంలోనే ఉంచి, అప్పుడు మారాడో లేదో చూసి, వదిలిపెట్టడమో జైలుకు పంపడమో చేయాలి.

తెలంగాణలో జరిగిన రెండు ఘటనలు ఈ చట్టపు రెండు అంచులను చూపిస్తాయి. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో పట్టుబడిన నలుగురినీ డిసెంబరు 6 తెల్లవారుజామున పోలీసులు కాల్చి చంపారు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే 20న బయటికి వచ్చినప్పుడు, ఆ నలుగురిలో ముగ్గురు నేరం నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని అందులో ఉంది. వాళ్లు నేరం చేశారా, పదహారు దాటిన బాలుర మనసు ఎలాంటిది, మూడేళ్లు చాలా చాలదా అన్న ప్రశ్నల్లో ఏ ఒక్కటీ ఏ బోర్డు ముందుకూ రాలేదు. నివేదిక వెలువడిన ఎనిమిది రోజులకే హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ఒక బాలికపై సామూహిక అత్యాచారం జరిగింది. ఈసారి నిందితులైన ఆరుగురిలో ఐదుగురు మైనర్లు, వాళ్ల కుటుంబాలు కలిగినవి. బోర్డు మదింపు జరిపి నలుగురిని పెద్దవాళ్లుగా విచారించాలన్నది, వాళ్లలో ఒకరి విషయంలో ఆ ఉత్తర్వును 2023లో హైకోర్టు కొట్టివేసింది. ఒక కేసులో ప్రతి అడుగూ న్యాయవాదుల చేతుల మీదుగా నడిచింది, మరో కేసులో అడుగే పడలేదు. వయసు గీత ఒక్కటే ఐనా, దాని దాకా చేరగలిగే స్తోమత అందరికీ ఒక్కటి కాదు.

2015 చట్టం అనుకోకుండా పట్టుకున్నవాళ్ల సంగతి ఇక మిగిలింది. ఢిల్లీ ఘటనకు సుమారు నెల రోజుల ముందు, 2012 నవంబరు 14న, లైంగిక దాడుల నుంచి బాలల రక్షణ చట్టం, జనం నోట 'పోక్సో', అమలులోకి వచ్చి, సమ్మతి వయసును ఒక్క దెబ్బతో పదహారు నుంచి పద్దెనిమిదికి పెంచింది. దానిలోని ప్రధాన నేరానికి కనీస శిక్ష అప్పుడు ఏడేళ్లు, 2019 సవరణతో పదేళ్లు, బాధితురాలికి పదహారేళ్లు నిండకపోతే ఇరవై ఏళ్లు. ఆ ఏడేళ్ల కనీసమే మూడేళ్ల తరువాత 'ఘోర నేరం' నిర్వచనంలో కొలమానమైంది. ఫలితంగా ఇంటర్ చదివే పదిహేడేళ్ల బాలుడూ అదే తరగతి బాలికా ఇష్టపడి ఇల్లు విడిచి వెళ్లి, బాలిక తండ్రి పోలీసు స్టేషనుకు వెళితే, ఇద్దరూ చట్టం దృష్టిలో బాలలే ఐనా ఒకరు బాధితురాలూ మరొకరు ఘోర నేర నిందితుడూ అవుతారు, బస్సు కేసు కోసం తయారుచేసిన ప్రాథమిక మదింపు అతని మీద ప్రయోగానికి సిద్ధంగా ఉంటుంది. కులం వేరైనప్పుడు తండ్రి ఫిర్యాదుకు పదును ఎక్కువ. దశాబ్దాలుగా సమాంతరంగా నడిచిన రెండు వయసు గీతలు ఇక్కడ ఒకదాని మీద మరొకటి వచ్చి పడ్డాయి.

ఇలాంటి కేసుల్లో ఏం చేయాలో తోచక హైకోర్టులు కొన్ని కేసులను కొట్టివేస్తూ, కొన్నింటిలో తమ చేతులు కట్టివేసి ఉన్నాయని వాపోతూ, చివరకు లా కమిషన్‌కు నివేదించాయి. 2023 సెప్టెంబరులో వెలువడిన 283వ నివేదికలో కమిషన్ సమ్మతి వయసును పదహారుకు దించడానికి అంగీకరించలేదు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య బాలిక వైపునుంచి మౌనమైన ఒప్పుదల కనిపించే కేసుల్లో, నిర్దిష్టమైన అంశాలను పరిశీలించి కనీస శిక్షకు దిగువన శిక్ష వేసే విచక్షణను న్యాయమూర్తులకు ఇవ్వాలని సూచించింది. 1983లో 'తగిన, ప్రత్యేకమైన కారణాలు' అన్న పేరుతో తెరిచి, ఎందరో నిజమైన నేరస్థులు దాటిపోవడం చూసి 2013లో మూసివేసిన పెరటితలుపును, ఈసారి గడియ సరిగా బిగించి, మరో గోడకు మళ్లీ పెట్టమని ఆ సూచన.